గేటు దగ్గర “యాడికి?” అని అడగొద్దు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నా పని మనుషుల్ని అనుమానించడం. అందుకు నెలనెలా జీతమిచ్చారు, యూనిఫాం ఇచ్చారు, దీపావళికి స్వీట్ల డబ్బా కూడా ఇచ్చారు. ఇప్పుడు రిటైరై ఇబ్రహీంపట్నంలో మా ఇంటి ముందు కుర్చీ వేసుకుని ఉచితంగా అనుమానిస్తున్నాను. పాలు పోసే అతను, కూరగాయల ఆటో అతను, ప్లాట్లు చూపిస్తామని కార్లేసుకుని తిరిగే కుర్రాళ్లు, అందరూ నా ముందు నుంచే పోవాలి.

మా వీధిలో ఇద్దరు ముగ్గురు పిల్లలు ఈ మధ్య సెక్యూరిటీ ఉద్యోగాల్లో చేరారు. మా కాలంలోలాగా గేటు దగ్గర కాళ్లు వాచేలా నిలబడే పని కాదట. ఏసీ గదిలో తెరల ముందు కూర్చుని, కెమెరాలు చెప్పింది చూడటమేనట. “కరుణక్కా, నువ్వు జర మాకు నాలుగు ముచ్చట్లు చెప్పరాదు, పనికొస్తయ్” అన్నారు. నోటితో చెబితే నవ్వుకుని మర్చిపోతారని రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను, అవి పెద్దగా రాలేదు. డ్యూటీ చార్టుల సంగతీ రాయను, వేసిన నాకే అవి సగం అర్థమయ్యేవి కావు. మనిషి మనసులో చెడ్డ ఆలోచన ఉందో లేదో కెమెరాతో కనిపెట్టే మెషిన్ ఒకటి మా ఆసుపత్రికి వచ్చింది. దానితో పడ్డ తిప్పలే ఇందులో ఎక్కువ.

మూడు చీరల ఆవిడ

మెషిన్ కంటే ముందు నా సంగతి చెప్పాలి. మొహం చూసి మనసు చదివేస్తాననే పొగరు మొదట నాకే ఉండేది.

నేను మొదట చేరింది హయత్‌నగర్‌లో ఒక బట్టల షోరూంలో. ఆడవాళ్ల సెక్షన్ దగ్గర గార్డుని. చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం ఒకతను వచ్చాడు. చెమటలు కారుతున్నాయి. అటు చూస్తాడు, ఇటు చూస్తాడు, ఒక ప్యాకెట్ తీస్తాడు, ఎవరైనా వస్తే గభాల్న పెట్టేస్తాడు. దొరికాడు దొంగ అనుకున్నాను. స్తంభం వెనక నిలబడి అతన్నే చూస్తున్నాను.

అంతలో పట్టుచీర కట్టుకున్న ఒక పెద్దావిడ నా పక్కకు వచ్చి, “పొద్దటి నుంచి నిలవడే ఉన్నవా బిడ్డా? కాళ్లు గుంజుతయ్. జర కూసో” అని స్టూలు కూడా జరిపింది. ఎంత మంచి మనిషో అనుకున్నాను. ఆవిడ నాకు దండం పెట్టి మరీ వెళ్లింది. నేను వెళ్లి ఆ చెమటల మనిషి చేయి పట్టుకున్నాను. అతను దాదాపు ఏడ్చేశాడు.

“మా ఇంటామెకు నైటీ తీసుకుందామని వచ్చిన మేడం. ఏ సైజో తెల్వది. అడుగుదామంటే అందరు ఆడోళ్లే ఉన్నరు.”

అతనికి నైటీ వెతికిపెట్టి పంపేసరికి కౌంటర్ దగ్గర గోల మొదలైంది. చీరలు తగ్గాయి. కెమెరా వెనక్కి తిప్పి చూస్తే, ఆ పెద్దావిడ ట్రయల్ రూంలోంచి బయటికొచ్చేటప్పుడు వెళ్లినప్పటికంటే బాగా ఒళ్లు చేసి ఉంది. లోపల మా చీరలు రెండు కట్టుకుని, పైన తన పట్టుచీర చుట్టుకుని, నాకు స్టూలు వేసి మరీ వెళ్లిపోయింది.

మా సూపర్‌వైజర్ చంద్రయ్య సార్, మిలిటరీలో చేసి వచ్చిన మనిషి. తిట్టలేదు. టీ తాగించి ఒకటే చెప్పాడు. “మొహం చూసి దొంగను పడతవా పిల్లా? మంచి మొహం లేనోడు ఆ ధందాలోకే రాడు. సంచి చూడు, చేతులు చూడు, నడుము చూడు. మొహం దేవుడు చూస్కుంటడు.” ఆ తర్వాత నా ఉద్యోగమంతా ఈ ముక్క మీదే నడిచింది.

మనసు చదివే మెషిన్

చివరి పదేళ్లు సాగర్ రోడ్డు మీద ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సెక్యూరిటీ ఆఫీసర్‌గా చేశాను. పేరు రాయను, రాస్తే ఆ డాక్టర్లు నాకు బీపీ మాత్రలు రాయడం మానేస్తారు. ఒకసారి ఒక పేషెంటు చనిపోతే చుట్టాలు రిసెప్షన్ అద్దం పగలగొట్టి, డ్యూటీ డాక్టర్ కాలర్ పట్టుకున్నారు. పాపం, ఆ కుర్ర డాక్టర్ వారం రోజులు డ్యూటీకి రాలేదు. అలాంటిది మళ్లీ జరగకూడదని మా పెద్ద డాక్టరు గారు గట్టిగా అనుకున్నారు. అందులో తప్పు లేదు.

పెద్ద డాక్టరు గారు కత్తి పడితే తిరుగులేదు. అయితే ఆయనకొక బలహీనత ఉంది. వైరున్న వస్తువు ఏది చెప్పినా నమ్ముతారు, వైరు లేని మేము చెబితే నమ్మరు. ఆ బలహీనత వాసన పట్టి ప్రణీత్ అనే ఇంజనీరు ఒక కంపెనీ తరఫున దిగాడు. బూట్లు అద్దంలా తుడుచుకుని వచ్చే పిల్లవాడు. చెడ్డవాడు కాదు, తన మాటలు తనే ముందు నమ్మే రకం.

గార్డులందరినీ కూర్చోబెట్టి మెషిన్ గురించి చెప్పాడు. చర్మం కింద రక్తం పారేటప్పుడు మొహం రంగు మన కంటికి అందనంత కొద్దిగా మారుతుందట. కెమెరా దాన్ని పట్టుకుని, ఒంటి మీద చేయి వేయకుండానే గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో లెక్కపెడుతుందట. ఇంకో కెమెరా మొహం ఎంత వేడెక్కిందో చూస్తుంది. మరోటి నడక, కనుబొమలు, దవడ బిగింపు చూస్తుంది. అన్నీ కలిపి తెర మీద మనిషి చుట్టూ ఒక గీత గీస్తుంది. పచ్చ గీత అయితే మంచివాడు, పసుపు అయితే ఒక కన్నేయాలి, ఎరుపు అయితే ఎవరికో హాని చేయబోతున్నాడు.

మెయిన్ గేటు దగ్గర చేసే బాలమణి లేచి నిలబడింది. నోటి దురుసు పిల్ల, పనిలో మాత్రం బంగారం.

“అంటే మనసుల ఏమున్నదో తెలుస్తదా సారూ?”

“హండ్రెడ్ పర్సెంట్ తెలుస్తుంది ఆంటీ.”

బాలమణి కూర్చుంటూ నా చెవిలో అంది. “నా వయసే తెల్వలె గీనకు. మనసేం తెలుస్తదక్కా?”

మెషిన్ బిగించిన వారంలో పడ్డ ఎర్ర గీతల్లో నాకు గుర్తున్నవి రాస్తాను. బయట బండి మీద మిర్చి బజ్జీ కొరికి, కళ్లలో నీళ్లతో లోపలికొచ్చిన ఒక తాత. లిఫ్టు ఆగిపోతే మెట్లెక్కి ఆయాసపడుతున్న ఒక లావుపాటి అమ్మ. మగపిల్లాడు పుట్టాడని ఫోన్ వస్తే పరుగెత్తుకొచ్చిన ఒక తండ్రి. ఒకరోజైతే కారు దిగి పళ్లు బిగబట్టి గబగబా నడుస్తున్న ఒక పెద్దమనిషి చుట్టూ ఎర్ర గీత ధగధగా మెరిసింది. చూస్తే మా పెద్ద డాక్టరు గారే. అర్జెంటుగా బాత్రూంకి పోతున్నారు. నేను వాకీటాకీలో “ఎర్ర గీత మనిషి డాక్టర్ల బాత్రూం వైపు పోతున్నాడు, ఎవరూ అడ్డం రావద్దు” అని చెప్పాను. రూలు ప్రకారమే చెప్పాను.

ఇక పచ్చ గీతలు. వెయిటింగ్ హాల్లో చార్జింగ్ పెట్టిన ఫోన్లు మాయమయ్యేవి. ఎత్తుకెళ్లేవాడిని చివరికి బాలమణే పట్టుకుంది, అతను పేషెంటు లేకుండా రోజూ వస్తున్నాడని గమనించి. కెమెరా వెనక్కి తిప్పి చూస్తే, ఎన్నిసార్లు వచ్చినా అతని చుట్టూ వరి నాటేసిన మడిలా పచ్చగా ఉంది. ఆసుపత్రిలో మనశ్శాంతిగా ఉన్నది అతనొక్కడే మరి.

ఇక్కడ నవ్వు పక్కన పెట్టి ఒక మాట. ఆసుపత్రికి వచ్చేవాడు తన మనిషిని మంచం మీద పెట్టి వస్తాడు. వాడి గుండె కొట్టుకోకపోతే ఆశ్చర్యపోవాలి కానీ, కొట్టుకుంటోందని పట్టుకోవడం ఏమిటి? పైగా డాక్టరైనా నాడి చూసేముందు చేయి ఇలా ఇవ్వమని అడుగుతాడు. మేము అడగలేదు. లోపలికొచ్చిన ప్రతి తల్లి గుండెనూ చెప్పకుండా లెక్కపెట్టాం. నాకది అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. పెద్ద డాక్టరు గారితో ఈ మాట అంటే, “మంచికోసమే కదా కరుణా” అన్నారు.

ఒకే ఒక్క ప్రశ్న

ఎర్ర గీతలు మరీ ఎక్కువయ్యేసరికి ప్రణీత్ ఒక ఉపాయం ఆలోచించాడు. ఊరికే నడిచేవాడిని చూస్తే సరిపోదట. గేటు దగ్గర అందరినీ ఒకే ప్రశ్న, ఒకే గొంతుతో అడగాలట. ప్రశ్న విన్న క్షణంలో మొహంలో వచ్చే మార్పును మెషిన్ పడుతుందట. ఏ తప్పూ లేనివాడు మామూలుగా జవాబిస్తాడు, మనసులో ఏదో పెట్టుకున్నవాడు ఉలిక్కిపడతాడు. ప్రశ్న కూడా తనే రాసి ఇచ్చాడు: “ఎక్కడికి వెళ్తున్నారు?”

చదవగానే నాకు నవ్వాగలేదు. ఈ ప్రాంతంలో పుట్టినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పని మీద బయల్దేరినవాణ్ణి ఎక్కడికని అడిగితే, ఆ పని కాదని మన నమ్మకం. తెలిసినవాళ్లయితే “దూరం పోతున్నరా?” అని అడుగుతారు. తెలియక ఎవరైనా “యాడికి?” అన్నారో, బయల్దేరినవాడు మొహం మాడ్చుకుని వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ కొత్తగా బయల్దేరతాడు. మా ఇల్లు క్రైస్తవుల ఇల్లు, శకునాలు చూడకూడదు. అయినా మా అమ్మ ఆదివారం చర్చికి బయల్దేరినప్పుడు ఎవరైనా యాడికని అడిగితే, ఇంట్లోకి వచ్చి కూర్చుని, నీళ్లు తాగి, అప్పుడు చర్చికి వెళ్లి, శకునాలు నమ్మడం తప్పని పాస్టర్ గారు చెబుతుంటే తలూపుకుంటూ వినేది.

ప్రణీత్‌కి ఇదంతా చెప్పాను. అతను పెరిగింది అపార్ట్‌మెంట్లలో. అక్కడ ఎక్కడికని లిఫ్టులో అందరూ అడుగుతారట. “మేడం, మూఢనమ్మకాలు డేటాలోకి రావు” అన్నాడు. పెద్ద డాక్టరు గారు, “ట్రయల్ అయ్యేదాకా అతను చెప్పినట్టు చేయండి” అన్నారు. చేశాం.

మర్నాటి నుంచి చూడాలి మా తెరలు. ఆపరేషన్ థియేటర్లో కొడుకును పెట్టి, టిఫిన్ డబ్బాతో వస్తున్న తల్లిని బాలమణి అడుగుతుంది, “ఎక్కడికి వెళ్తున్నారు?” ఆ తల్లి మొహం అలా మాడిపోతుంది. ఎర్ర గీత. ఇంకొకతను పళ్లు కొరికి, “నీ నోట్లె మన్ను వడ, ఇప్పుడే అడగాల్నా?” అంటాడు. ఎర్ర గీత. కొందరు గేటు దాకా వచ్చి, ప్రశ్న విని, వెనక్కి తిరిగి వెళ్లి మెట్ల మీద కూర్చుంటారు. అనుమానాస్పదంగా తచ్చాడుతున్నారని వాళ్లకు ఇంకో ఎర్ర గీత. మధ్యాహ్నానికల్లా ఇబ్రహీంపట్నం మండలం మొత్తం హంతకుల మండలమైపోయింది.

పెద్ద డాక్టరు గారు కంగారు పడతారనుకున్నాను. ఆయన సంతోషించారు. “చూశావా కరుణా, ఇన్నాళ్లూ మనం ఎలాంటివాళ్ల మధ్య ఉన్నామో!” అన్నారు. పిల్లలూ, ఇది రాసుకోండి. పై అధికారి ఒక వస్తువు మీద మనసు పడ్డాక, అది తప్పు చేసినా గొప్పగానే కనిపిస్తుంది. ఆ సమయంలో వాదించకండి. కొంచెం ఆగండి.

అంజయ్య మెట్ల మీద కూర్చున్నాడు

నేను ఆగుతూ ఉండగానే ఒక మధ్యాహ్నం పూట అంజయ్య వచ్చాడు. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువులో చేపలు పట్టే అతను. పాతికేళ్లుంటాయి.

బాలమణి వాకీటాకీలో పిలిచింది. “కరుణక్కా, ఒకాయన లోపలికి రాడు, బయటికి పోడు. మూడుసార్లు ఎరుపొచ్చింది. పక్కగదిలో కూసోపెట్టుమని కంట్రోల్ రూంకెళ్లి ప్రణీత్ సార్ చెప్తుండు. నాకైతే ఆయనను చూస్తే ఏడుపొస్తుంది. జల్ది రా.”

మూడుసార్లు ఎరుపు పడితే గాజు తలుపు దానంతటదే బిగుసుకుంటుంది. ఆ మనిషిని పక్కగదికి తీసుకెళ్లి ఆరా తీయాలని రూలు. నేను కిందికి దిగాను. అంజయ్య మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ల కింద ప్యాంటు తడిసి ఉంది, కాళ్లకు ఒండ్రు ఆరలేదు. చేతిలో ప్లాస్టిక్ గ్లాసుతో నీళ్లు. మొహం చూస్తే నిజంగానే ఎవరినో చంపేసేలా ఉంది. నేను మొహం వదిలేసి చేతులు చూశాను. గ్లాసులో నీళ్లు తొణుకుతున్నాయి. వణుకుతున్నాడు.

పక్కన కూర్చున్నాను. “దూరం పోతున్నవా తమ్మీ?” అన్నాను.

ఆ మాటకి అతని దవడ సడలింది. “దూరం లేదు మేడం, గీ లోపలికే. మా అక్క లావణ్యకు కాన్పు కష్టమైంది. రక్తం శాన పోయిందట. నాది, అక్కది ఒకటే గ్రూపు, నెగెటివ్. జల్ది రమ్మని ఫోన్ చేసిన్రు. చెరువులకెళ్లి గట్లనే ఉరికొచ్చిన.”

పైన థియేటర్ దగ్గర పొద్దుటి నుంచి ఆ పేరే వింటున్నాను. బ్లడ్ బ్యాంకులో ఆ గ్రూపుది ఉన్న ఒక్క బ్యాగూ ఎక్కించేశారు. సిటీ నుంచి ఇంకోటి బయల్దేరింది కానీ ట్రాఫిక్‌లో ఎక్కడుందో తెలియదు. తీసిన రక్తాన్ని పరీక్ష చేయడానికీ టైం పడుతుంది. పైనవాళ్లందరూ ఎదురుచూస్తున్న తమ్ముణ్ణి మేము మెట్ల మీద కూర్చోబెట్టాం.

“మరి గిక్కడెందుకు కూసున్నవ్ నాయనా?”

“యాడికని అడిగిండ్రు. నీళ్లు తాగి మళ్లొచ్చిన. మల్ల గదే అడిగిండ్రు. మల్లొచ్చిన, మల్ల గదే. ఇగ తలుపే తెరుస్తలేరు.” గ్లాసు కింద పెట్టాడు. “మా అమ్మను దవాఖానకు తీస్కపోయిన్నాడు గిట్లనే ఒకడు అడిగిండు మేడం. ఏమైతదిలే అని పోయినం. అమ్మ మల్ల ఇంటికి రాలే. అక్కనే నన్ను సాదింది. గీ మాట నెత్తిన పెట్టుకొని నేనెట్ల పోవాలె దాని కాడికి?”

అదంతా ఉత్తదే, నడువు అని రెక్క పట్టుకుని లాక్కెళ్లొచ్చు. భయంతో వణికేవాడిని అలా లాగితే గింజుకుంటాడు, మా మగ గార్డులు పట్టుకుంటారు, పోట్లాట అవుతుంది, ఎర్ర గీత గెలుస్తుంది. నమ్మకం నాదా అతనిదా అని తేల్చుకునే సమయం కాదది. లేచి బాలమణి చెవిలో చెప్పాను. అది తల ఊపి, మందుల షాపు వైపు తలుపులోంచి లోపలికి దూరింది.

నా కార్డు పెట్టి గాజు తలుపు తెరిచాను. వాకీటాకీలో ప్రణీత్ అరుస్తున్నాడు, “మేడం, ప్రోటోకాల్! అతను రెడ్!” వాకీటాకీ కట్టేశాను. అంజయ్య గడప దాటే సమయానికి లోపలి నుంచి బాలమణి ఎదురొచ్చింది. చేతిలో నిండా నీళ్లున్న స్టీలు బిందె. క్యాంటీన్‌లో పిండి కలపడానికి పెట్టుకున్నది పట్టుకొచ్చిందట. నీళ్ల బాటిల్ చాలని చెబితే, బిందె అయితేనే ఎదురు బాగుంటుందని దాని పట్టుదల. యూనిఫాం, టోపీ, చంకలో బిందె. నవ్వు ఆపుకుంటూ నడిచొచ్చింది.

అంజయ్య ఆగి చూశాడు. మొహం విప్పారింది. ఇక పరుగే, నేను వెనక, బ్లడ్ బ్యాంకు దాకా.

తర్వాత తెలిసింది, ఆ క్షణంలో అతని చుట్టూ గీత ఎరుపులోంచి నేరుగా పచ్చకి తిరిగిందట. కంట్రోల్ రూంలో ప్రణీత్ చప్పట్లు కొట్టాడట, తన సెట్టింగ్ ఇప్పటికి కుదిరిందని.

మెషిన్ ఏమైందంటే

దీని సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే మీరు దాని గురించే ఆలోచిస్తూ అసలు ముచ్చట సరిగా చదవరు.

మర్నాటి నుంచి మా గార్డులు గేటు దగ్గర ప్రశ్న మార్చేశారు. నేను మార్చమనలేదు, వద్దనీ అనలేదు. “ఎక్కడికి వెళ్తున్నారు?” అనే బదులు “మీ పేషెంటు మంచిగున్నరా?” అని అడగడం మొదలుపెట్టారు. అడిగినవాళ్లకి జనం కష్టసుఖాలు చెప్పుకోసాగారు. ఎర్ర గీతలు పడిపోయాయి. నెల తిరిగేసరికి తెరలన్నీ పచ్చ. మెషిన్ అద్భుతంగా కుదురుకుందని ప్రణీత్ పెద్ద డాక్టరు గారికి గొప్పగా చెప్పాడు. ఆయన కాసేపు తెరల వైపు చూసి, “ఇంత మంచి జనానికి ఇంత ఖరీదు మెషిన్ ఎందుకయ్యా?” అని తీయించేశారు. ప్రణీత్ మొహం చూసి జాలేసింది. బాలమణి క్యాంటీన్‌లో అతనికి మిర్చి బజ్జీ తినిపించి పంపింది. వెళ్లేటప్పుడు అతను బాలమణిని అక్కా అని పిలిచాడు.

ఇప్పుడు ఇంకా మంచి మెషిన్లు వచ్చాయని మీరంటారు. వచ్చి ఉంటాయి. గుండె లెక్క తప్పకుండా పెడతాయేమో. అయితే హాని చేయాలనే ఆలోచన మనిషి ఇంటి దగ్గర కట్టుకుని తెచ్చుకునే సద్ది కాదు, గేటు దగ్గర మూత తీసి చూడటానికి. లోపలికి వచ్చాక పుడుతుంది. మళ్లీ బయటికి వెళ్లేలోపే పోతుంది కూడా. అది పుట్టడం, పోవడం రెండూ నేను ఒకే రోజు చూశాను. అదే అంజయ్య రక్తమిచ్చిన రోజు.

కారిడార్లో

రక్తం తీశాక అంజయ్యను పడుకోబెట్టి జ్యూస్ డబ్బా ఇచ్చారు. నర్సు ఒకామె, మంచిదే కానీ మాట ఆపుకోలేదు, “కొంచెం ముందు తెచ్చుంటే ఇంత దాకా వచ్చేది కాదు. పొద్దున్నే నొప్పులొచ్చినయట. మీ బావ ఫోన్ బంద్ పెట్టుకున్నడట” అంది. బావ పేరు నరేష్. ప్లాట్లు అమ్మే పని. ఎవరినో తుక్కుగూడ వైపు సైటు చూపించడానికి తీసుకెళ్లి, మధ్యలో ఎవరూ కదిలించకూడదని ఫోన్ కట్టేశాడు. ఇంటి పక్కవాళ్లు ఆటోలో తెచ్చారు లావణ్యను. ఆ నరేష్ అప్పుడే వచ్చి కింద మందుల షాపు దగ్గర ఉన్నాడు.

నేను కారిడార్ చివర నిలబడి ఉన్నాను. అంజయ్య గది నుంచి బయటికొచ్చాడు. తొందర లేదు, కంగారు లేదు. ఇందాక గేటు దగ్గర చూసిన మనిషేనా అనిపించేంత నెమ్మదిగా మెట్ల వైపు నడుస్తున్నాడు. మొహం తేటగా ఉంది. చేతులు చూశాను. కుడి చేతిలో జ్యూస్ డబ్బా నలిగిపోయి, వేళ్ల సందుల్లోంచి జ్యూస్ కారుతోంది. అది అతనికి తెలియడం లేదు.

నా గుండె దడదడలాడింది. కింద నరేష్ ఉన్నాడు. ఇక్కడ కొట్లాట జరిగితే పోలీసులు వస్తారు, ఈ పిల్లాణ్ణి తీసుకెళ్తారు, పైన ఆమె కళ్లు తెరిచేసరికి తమ్ముడు ఉండడు. అడ్డంగా వెళ్లి నిలబడ్డాను. ఎవరినీ అడగొద్దని ప్రణీత్‌కి చెప్పిన మాట నేనే అడిగాను.

“యాడికి అంజయ్యా?”

ఆగిపోయాడు. నా వైపు తిరిగి, దాచకుండా, మామూలు గొంతుతో చెప్పాడు.

“బావను కొట్టనీకె పోతున్న మేడం.”

చెప్పాక గానీ జరిగింది అతనికి తట్టలేదు. “ఎందుకడిగినవ్ మేడం? నిమ్మలంగ పోతుంటిని గదా!” అని విసుక్కుని, గోడ పక్క బెంచీ మీద కూలబడ్డాడు. అడిగించుకున్నాక వెంటనే వెళ్లకూడదు కదా. నేను నీళ్లు తెచ్చి చేతికిచ్చాను, వీలైనంత నిదానంగా తెచ్చాను.

అంతలో మెట్ల మీద బూట్ల చప్పుడు. ప్రణీత్, బాలమణి, ఇంకో ఇద్దరు గార్డులు రొప్పుతూ వచ్చి నా చుట్టూ నిలబడ్డారు.

“మేడం, ఈ కారిడార్లో చాలా పెద్ద రెడ్ వచ్చింది” అన్నాడు ప్రణీత్.

“ఈయనకేనా?”

ప్రణీత్ ఇబ్బందిగా నేల చూశాడు. “కాదు మేడం. మీకు. ఆయనది గ్రీన్. పూర్తిగా ప్రశాంతంగా ఉన్నారు.”

“ఔ మరి” అన్నాడు అంజయ్య నీళ్లు తాగుతూ. “కొట్టాలె అని ఖాయం చేస్కున్నంక నిమ్మలమైంది. అంతకుముందే దడదడ ఉండె.”

బాలమణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకూ ఆగలేదు. అంజయ్య మా ఇద్దరినీ చూసి, ఎందుకు నవ్వుతున్నామో తెలియకపోయినా, తనూ కొద్దిగా నవ్వాడు. ఆ నవ్వుతో పాటే ఏడుపూ వచ్చేసింది. పెద్దగా ఏడ్చాడు. బాలమణి పక్కన కూర్చుని వీపు నిమిరింది. ప్రణీత్ ఏం చేయాలో తెలియక ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

ఎంతసేపయిందో, థియేటర్ తలుపు తెరుచుకుంది. “లావణ్య వాళ్లెవరు? తల్లి గండం గట్టెక్కింది. పాప బాగుంది. రక్తం ఆగింది” అంది నర్సు. ఆ మాట పూర్తి కాకముందే మందుల సంచితో నరేష్ మెట్లెక్కి వచ్చాడు. మెడలో ఇంకా కంపెనీ ట్యాగు వేలాడుతోంది. అంజయ్యను చూసి అక్కడే నిలబడిపోయాడు. మీద పడతాడేమోనని మా గార్డులు కదిలారు. నేను వద్దని చెయ్యి చూపించాను.

“నా తప్పే అంజయ్యా” అన్నాడు నరేష్. “ఫోన్ బంద్ పెట్టిన. కొడితే కొట్టు.”

అంజయ్య లేచాడు. దగ్గరికి వెళ్లి, బావ చేతిలోంచి మందుల సంచి తీసుకున్నాడు. మోచేత్తో కళ్లు తుడుచుకుని, అతన్ని థియేటర్ తలుపు వైపు ఒక్క తోపు తోశాడు.

“ముందుగాల పోయి అక్కకు కనవడు బావా. లేసి కూసున్నంక నిన్ను ఆమెనే కొడ్తది. నేను పక్కపొంటి నిలవడి చూస్త.”